దశరథ్ వదిలేసిన మాస్కు

అక్టోబరు 5, ఆదివారం

కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడుంది. మాట్లాడడానికి ఎవరూ లేక రాయడం కాదు. పేజీలు వృథా అవుతున్నాయని.

దశరథ్ ఈ గది వదిలి వెళ్ళి నెల దాటింది. పెళ్ళయ్యాక పోక తప్పదు కదా. వాడూ అరుణా కొల్లూరులో, దశరథ్ వాళ్ళమ్మ ముత్యమ్మ పేరు మీద సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇంట్లో ఉంటున్నారు. ఇంద్రేశంలో ఈ పై గదికి నేనొక్కడినే మిగిలాను. నాకేం ఇబ్బంది లేదు. ఫ్యాను గాలి మొత్తం నాదే. టీవీలో ఏం పెట్టాలన్న కొట్లాట లేదు. వండితే మాత్రం ఇద్దరికి సరిపడా అవుతోంది. చెయ్యి అలవాటు.

అక్టోబరు 7, మంగళవారం

లారీ అడ్డా పక్కన గ్రౌండులో ఈ రోజు బంతి ముట్టుకోనివ్వలేదు. నర్సింహులు సార్ అందర్నీ కూర్చోబెట్టారు. సార్ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా మందుల కంపెనీ ఫుట్‌బాల్ టీంకు కోచ్‌గా ఉండమంటే సరేనని వచ్చి మా ప్రాణాలు తోడుతున్నారు. డిసెంబర్లో ఫ్యాక్టరీల టోర్నమెంటు. పోయినేడు రెండో సగంలో మేం ఆడలేదట, వాకింగుకు వచ్చామట.

"బంతి ఆడితే కాళ్ళకు ఆటొస్తది గని దమ్ము పెరగది. దమ్ముకు వేరే పని చెయ్యాలె," అన్నారు సార్.

ఆ వేరే పనికి 'ఎక్స్‌ట్రా' అని పేరు పెట్టారు. దినం విడిచి దినం పొద్దున గట్టిగా ఉరకాలి, కొంచెం నడవాలి, మళ్ళీ ఉరకాలి. తాడాట ఆడాలి. బుగ్గలు ఉబ్బించకుండా బుడగ ఊదాలి. పరుగు ఆపగానే మెడ మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకోవాలి. గుండె ఎంత జోరుగా కొట్టుకుందో కాదు, ఆగాక ఎంత జల్దీ నెమ్మదిస్తుందో చూడాలట. విజిలు పరుగు ఈ రోజు ఒకసారి పెట్టి చూశారు, ఇక నెలాఖరుల్లో పెడతారు. ఫోన్లో విజిలు మోగినప్పుడల్లా ఈ గుర్తు నుంచి ఆ గుర్తుకు చేరాలి. విజిలు పోను పోను తొందర పెడుతుంది. నవంబరు చివర్లో ఎవరు ముందు ఆగిపోతే వాళ్ళు టీం బయట.

నేను లెఫ్ట్ బ్యాక్. నా ముందు దశరథ్. గ్రౌండులో ఎడమ వైపంతా మా ఇద్దరిదే. ఆ సాయంత్రం ఆట తప్పిస్తే రోజు మొత్తంలో నేను ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడను. టీంలోంచి పోతే అది కూడా పోతుంది. అది పోకూడదు.

అక్టోబరు 12, ఆదివారం

ప్రాక్టీసు అయ్యాక దశరథ్ బండి స్టార్ట్ చేస్తూ, "ఇంటికి రారాదుర, అరుణ యాట కూర వండుతున్నది," అన్నాడు. నాకు బట్టలు ఉతికే పని ఉందన్నాను. మాటవరసకు పిలిచాడు. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో మనకేం పని.

ఉతకాల్సినవి రెండు చొక్కాలు.

అక్టోబరు 19, ఆదివారం

మళ్ళీ పిలిచాడు. మళ్ళీ బట్టలే చెప్పాను.

అక్టోబరు 26, ఆదివారం

సార్ మంత్రం పనిచేస్తోంది. ఈ రోజు విజిలు పరుగులో నేను మొదటి రోజు కంటే చాలా దూరం వెళ్ళాను. నాడి కూడా తొందరగా దిగింది. సార్ నా మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, "ముప్పయ్యేండ్ల ముసలోనివి, పర్వాలేదుర నీ గుండె," అన్నారు. అందరూ నవ్వారు, దశరథ్ మరీ ఎక్కువ. నాకు భలే ఆనందమేసింది. గదికి వచ్చేదాకా ఉంది ఆ ఆనందం. వచ్చాక ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నాకంటే ముందుకు వెళ్ళినవాడు రాకీ. గోడౌనులో కొత్తగా చేరాడు. వాడూ లెఫ్ట్ బ్యాకే.

నవంబరు 2, ఆదివారం

ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏదో దేశం ఆటగాడు ముక్కూ నోరూ మూసే నల్ల మాస్కు పెట్టుకుని ఉరుకుతున్నాడు. గాలి కష్టంగా అందితే ఊపిరి గట్టిపడుతుందట. మాస్కు తీసేశాక ఆట మంచినీళ్ళ ప్రాయమట.

తల తిప్పితే తలుపు వెనక మేకుకు దశరథ్ పాత మాస్కు. రబ్బరుది, రెండు పక్కలా గుండ్రటి డబ్బాలు ఉన్నది. వాడిది రియాక్టర్ సెక్షను. సాల్వెంటు అనే రసాయనం డ్రమ్ములు ఒంపేటప్పుడు గ్యాసు తగలకుండా పెట్టుకునేవాడు. కంపెనీ కొత్తది ఇచ్చాక, గోడలకు రంగు వేసేటప్పుడు పనికొస్తుందని దీన్ని ఇంటికి తెచ్చి తగిలించాడు, పోయేటప్పుడు మర్చిపోయాడు. బెల్టు మీద వాడి పేరు మార్కరుతో రాసి ఉంది. నేను ప్యాకింగులో ఉంటాను, మాకు గుడ్డ మాస్కులే. ఇలాంటిది ఎప్పుడూ పెట్టుకోలేదు.

పెట్టుకుని చూశాను. లోపల తీపి తీపిగా ఒక వాసన. దశరథ్ డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పితే గదంతా వచ్చే వాసన అది. అప్పట్లో ముక్కు మూసుకుని తిట్టేవాడిని. ఈ రోజు అట్లాగే పెట్టుకుని కాసేపు మంచం మీద కూర్చున్నాను.

నవంబరు 4, మంగళవారం

పొద్దున మాస్కుతో మెట్లు దిగుతుంటే కింద గదిలో ఒడిశా పోరగాళ్ళు పళ్ళు తోముకుంటున్నారు. నన్ను చూసి, "భాయ్, గ్యాస్ లీక్ హువా క్యా?" అని బ్రష్షులు పడేసి చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి ఉరికారు. వాళ్ళను వెనక్కి పిలిచేసరికి నాకు ఎక్స్‌ట్రా సగం అయిపోయింది.

ఫ్యాక్టరీల వెనక మురుగు నాలా పక్క రోడ్డు మీద ఉరికాను. పొద్దున అక్కడ ఎవరూ ఉండరు. ఆ వాసనకు కుక్కలు కూడా రావు. నాకేం, మాస్కు ఉంది. గాలి గుంజి గుంజి తీసుకోవాల్సి వచ్చింది. తీసేశాక లోకమంతా నా ముక్కులోకే వచ్చినట్టు హాయిగా ఉంది. సార్‌కు చెప్పలేదు. దశరథ్‌కూ చెప్పలేదు. విజిలు పరుగు రోజు చూసి నోరు తెరవాలి వాళ్ళు.

నవంబరు 9, ఆదివారం

ఈ వారం దశరథ్ ఇంటికి పిలవలేదు. నేననుకున్నదే నిజం.

మాస్కును క్యారీ బ్యాగులో పెట్టి ముడి వేస్తున్నాను. వాసన పోకుండా. దుమ్ము పడకుండా అని రాయబోయాను.

నవంబరు 12, బుధవారం

తలనొప్పి. గొంతులో గరగర. చలి మొదలైంది కదా.

నవంబరు 16, ఆదివారం

సార్ దినం విడిచి దినం అన్నారు. నేను రోజూ ఉరుకుతున్నాను. ప్యాకింగులో పెట్టెలు మోస్తుంటే ఆయాసం వస్తోంది. కొత్తలో ఒళ్ళు ఇట్లాగే మొరాయిస్తుంది. వీడియోలో ఆయన కూడా అదే అన్నాడు.

నవంబరు 19, బుధవారం

సార్ ఉత్తుత్తి పరీక్ష పెట్టారు. అక్టోబర్లో ఆగిన చోటికి కూడా చేరలేకపోయాను. దగ్గు వచ్చింది. నాడి ఎంతసేపటికీ దిగలేదు. సార్ వేళ్ళు తీయకుండా నా ముఖంలోకి చూశారు.

"తింటున్నవార?"

"తింటున్న సార్."

"పంటున్నవా?"

"పంటున్న."

"మరి ఇదెందుకు గిట్ల కొట్టుకుంటున్నదిర? చెప్పిన దానికంటే ఎక్కువ ఉరుకుతున్నవా?"

"లేదు సార్."

దశరథ్ నీళ్ళ సీసా ఇచ్చి పక్కన నిలబడ్డాడు. వాడు టీం కెప్టెను. ఆఖరి పేర్లు సార్‌తో కూర్చుని రాసేది వాడే. ఏదో అడగబోయాడు గానీ అరుణ ఫోను వస్తే పక్కకు వెళ్ళాడు.

లెక్క నాకు తేలిగ్గానే అర్థమైంది. దమ్ము తగ్గిందంటే చేసింది చాలడం లేదన్నమాట. రేపటి నుంచి సాయంత్రం కూడా ఉరకాలి, మాస్కుతోనే.

నవంబరు 23, ఆదివారం

పొద్దున నాలా దగ్గర కళ్ళు తిరిగి కల్వర్టు మీద కూర్చున్నాను. మంచు, వాసన, ఫ్యాక్టరీ లైట్లు. మాస్కు తీద్దామనుకున్నాను. తీయలేదు. పిచ్చిగా ఉంటుంది గానీ రాస్తాను, ఎవరు చదువుతారు. అది పెట్టుకుంటే ఒక్కడినే ఉరుకుతున్నట్టు ఉండదు.

నవంబరు 26, బుధవారం

రాత్రంతా దగ్గు. చలి వల్లే.

నవంబరు 30, ఆదివారం

రాసే ఓపిక లేదు. అయినా రాయాలి.

విజిలు పరుగులో అందరికంటే ముందు నేనే ఆగిపోయాను. ఆగడం కాదు, మోకాళ్ళ మీద పడ్డాను. గాలి లోపలికి వెళ్తోంది గానీ అందడం లేదు. ఈల వేసినట్టు చప్పుడు వస్తుంటే ఫోనులో విజిలేమో అనుకున్నాను. అది నా ఛాతీలోంచి. మిగతావాళ్ళు అట్లాగే ఉరుకుతూ ఉన్నారు, రాకీ అందరికంటే ముందు. దశరథ్ ఒక్కడు పరుగు వదిలేసి వచ్చాడు.

కాసేపటికి దగ్గు తగ్గాక బండి మీద గదికి తెచ్చాడు. వాడు ఈ గదిలోకి రావడం ఖాళీ చేశాక ఇదే మొదలు. నీళ్ళు ఇచ్చి, తువ్వాలు కోసం తలుపు వెనక చూసి, మేకుకున్న క్యారీ బ్యాగు ముడి విప్పాడు.

"ఇది నాది గదా. మూట గట్టి పెట్టినవేందిర?"

చెప్పాను. వీడియో గురించి, నాలా రోడ్డు గురించి. ఏదో గొప్ప పని చేసినవాడిలా మొదలుపెట్టాను. వాడి ముఖం చూసి మాట సన్నబడింది.

"దీన్ని పెట్టుకోని ఉరికినవా? రోజు?"

"రోజు."

"అరె, ఈ డబ్బాలు నిండినయనే గదా కంపెనీ కొత్తది ఇచ్చింది. లోపలున్న బొగ్గు గ్యాసును పట్టి పెడ్తదిర. నిండినంక ఇగ పట్టది. గట్టిగ గుంజితే పట్టిందంత మళ్ళ ఇడుస్తది. నువ్వేమో అండ్ల కెల్లి గుంజుకుంట నాలా పక్కపొంటి ఉరికినవ్. మా సెక్షన్ల అందరికి తెల్సు గిది."

"నాది ప్యాకింగు."

"నన్నడిగితే ఏం పోతుండె?"

అడగడానికి నువ్వు ఉంటే కదా అనాలనిపించింది. వాడు మంచం చివర కూర్చుని బెల్టు మీది పేరు చూసుకుంటూ ఉన్నాడు.

"నేనే పారేసి ఉండాల్సింది. రంగు పనికి అని తెస్తినే," అన్నాడు. తర్వాత గట్టిగా, "టీంల లేకుంటే ఏమైతదిర నీకు? జీతం ఆపుతరా? ప్రాణం మీదికి తెచ్చుకుంటవా ఆట కోసం?"

గోడ వైపు తిరిగి పడుకున్నాను. వాడు మాస్కు తీసుకుపోయాడు, సెక్షనులో ఇచ్చి నాశనం చేయిస్తానని. మేకు ఖాళీగా ఉంది. గది చాలా ఖాళీగా ఉంది.

డిసెంబరు 1, సోమవారం

పొద్దున్నే వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఛాతీ లోపల వాచిందట. పీల్చే మందు రాశారు. ఉరుకుడు పూర్తిగా బంద్. మళ్ళీ మునుపటిలా అవుతుందా అని దశరథే అడిగాడు. నెలలు పట్టొచ్చు, చూద్దాం అన్నారు డాక్టరమ్మ.

సాయంత్రం సార్ ఫోను చేశారు. "ఎక్స్‌ట్రా అంటే నేను చెప్పినంతేర బిడ్డ," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

డిసెంబరు 4, గురువారం

పేర్లు వచ్చాయి. లెఫ్ట్ బ్యాక్ రాకీ.

డిసెంబరు 8, సోమవారం

దశరథ్ రోజూ ఫోను చేస్తున్నాడు. ఎత్తడం లేదు. పాపమని చేస్తున్నాడు. పాపమని చేసే ఫోను ఎన్నాళ్ళు వస్తుందో చూద్దాం.

కంపెనీలో షిఫ్టు దిగాక కాళ్ళు వాటంతట అవే గ్రౌండు వైపు మళ్ళుతున్నాయి. వాటిని బస్‌స్టాపు దాకా లాక్కుపోవడం పెద్ద పని అయింది.

డిసెంబరు 14, ఆదివారం

పోవద్దనుకుని పోయాను. ఒక లారీ వెనక నిలబడి చూశాను. ఫైనలు.

మావాళ్ళు గెలిచారు. రెండో సగంలో ఒక్కడు కూడా నడవలేదు. అవతలి ఫ్యాక్టరీ వాళ్ళు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంటే మావాళ్ళు అప్పుడే మొదలుపెట్టినట్టు ఉరికారు. సార్ చెప్పింది చెప్పినంత చేసినవాళ్ళందరికీ దమ్ము పెరిగింది. నాకు ఏడుపొచ్చింది. గెలిచినందుకు అనుకున్నాను ముందు.

రాకీ బాగా ఆడాడు. నాకంటే బాగా ఆడాడు. ఇది రాయడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి బంతి ఎడమ మూలకు పోతే దశరథ్ వెనక్కి చూడకుండానే నా పేరు పెట్టి, "అహరో, ఇయ్యి," అని కేక వేశాడు. రాకీ ఇచ్చాడు. ఆట ఆగలేదు. దశరథ్ నోటికి అలవాటు పోవడానికి ఇంకో రెండు మ్యాచులు చాలు.

కప్పు ఎత్తేలోపే వచ్చేశాను. వేగంగా నడవలేక ఆగి ఆగి వచ్చాను.

డిసెంబరు 18, గురువారం

ఈ రోజు ఫోను రాలేదు.

డిసెంబరు 25, గురువారం

చర్చికి పోయాను. అందరూ చేతులు కలిపి పండుగ శుభాకాంక్షలు చెప్పి, పెళ్ళెప్పుడు అని అడిగారు. పాటలో సగం దగ్గాను. జోగిపేట నుంచి మా డెబోరక్క ఫోను చేసి, "గొంతు గట్లున్నదేందిర తమ్మి?" అంది. చలి అన్నాను. ఇంత అబద్ధం పండుగ పూట.

కేకు తెచ్చుకున్నాను. కింద ఒడిశా పోరగాళ్ళు ఊరికి పోయారు. దశరథ్ ఫోను వచ్చింది. మోగి మోగి ఆగింది. పండుగ కదా, చెయ్యాలని చేశాడు.

ఏం మనిషినిరా నేను. ఫోను రాకపోతే అలుగుతాను, వస్తే ఎత్తను.

డిసెంబరు 28, ఆదివారం

ఈ రోజు ఉతకడానికి బట్టలు నిజంగానే ఉన్నాయి. బకెట్లో నానబెట్టి, వాటిని అట్లాగే వదిలేసి కొల్లూరు పోయాను. ఎందుకు పోయానో రాస్తాను. మధ్యాహ్నం బియ్యం కడుగుతుంటే మళ్ళీ ఇద్దరికి పోశాను. అంతే. ఇగ చాలు అనిపించింది.

అన్ని బ్లాకులూ ఒకేలా ఉన్నాయి. అడిగి అడిగి వెతుక్కుని పోయేసరికి కరెంటు పోయి లిఫ్టు ఆగి ఉంది. వాళ్ళది ఆరో అంతస్తు. ఒకప్పుడు ఎడమ వైపు మొత్తం నేనే ఉరికేవాడిని కదా, ఈ మెట్లొక లెక్కా అనుకుని ఎక్కాను. మూడో అంతస్తు చేరకముందే ఛాతీ పట్టేసింది. గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఎవరో ముసలమ్మ కూరగాయల సంచితో నన్ను దాటుకుని పైకి పోయింది. దిగి ఇంటికి పోదామా అని చూశాను. దిగడానికి కూడా దమ్ము లేదు.

ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఏడున్నవ్ర?"

"మీ మెట్ల మీద. పైకి రాలేకపోతున్న. దిగి రా."

పైనెక్కడో తలుపు తెరుచుకుంది, చెప్పులు టపటపలాడాయి. లుంగీ మీద ఉన్నాడు. రెండేసి మెట్లు దూకుతూ దిగొచ్చి నా పక్కన కూర్చుని, నా చేతిలోంచి పీల్చే మందు తీసుకుని ఊపి నోటికి అందించాడు. నాకు ఊపిరి తిరిగాక, వాడు అడగకముందే నేనే చెప్పాను.

"ఆనాడు అడిగినవ్ గదా, టీంల లేకుంటే ఏమైతదని. ఆట కోసం కాదుర. నువ్వు పోయిన కాన్నుంచి ఒక్కన్నే ఉండలేకపోతున్న. గ్రౌండుకొస్తెనే నువ్వు కనవడ్తవ్. అందుకే."

చెప్పేశాక సిగ్గేసింది. ముప్పై ఏళ్ళవాడు చెప్పాల్సిన మాటలా ఇవి. దశరథ్ పీల్చే మందుకు మూత పెట్టి నా చేతిలో పెట్టాడు.

"నేనేమనుకున్ననో తెల్సా," అన్నాడు. "పిలిస్తే రాకపోతివి. పెండ్లైనంక వీనికి నేను పరాయోన్నైన అనుకున్న. అరుణ కూడ అడిగింది, మీ దోస్తుకు నేనంటె పడదా అని. ఇగ పిలుసుడు బంద్ వెట్టిన."

"మాటవరసకు పిలుస్తున్నవనుకున్న."

"మాటవరసకు యాట కూర వండుతర్ర ఎవరన్న?"

నవ్వబోతే దగ్గు వచ్చింది. వాడు వీపు మీద చెయ్యి వేసి, తగ్గాక కూడా తీయలేదు. వాడేమీ పెద్ద మాటలు చెప్పలేదు. మళ్ళీ ఆ గదికి వస్తానని అనలేదు, రాలేడు కూడా. రాత్రి తిరిగి వచ్చేది నేనొక్కడినే అని నాకు తెలుసు. అది మారలేదు.

పై నుంచి అరుణ, "అన్నను తోల్కొని వస్తవా, నన్నే కిందికి రమ్మంటవా?" అని కేకేసింది.

లేచాం. వాడు నా చెయ్యి పట్టుకోలేదు, ముందు నడిచాడు. మలుపు రాగానే చెప్పులో ఏదో గుచ్చుకున్నట్టు ఆగి చూసుకున్నాడు. తర్వాతి మలుపులో లుంగీ సరిచేసుకున్నాడు. ఆ పై మలుపులో ఒక తలుపు మీది పేరు చదువుతూ నిలబడ్డాడు, వాళ్ళెవరో వాడికి తెలియనట్టు. ప్రతిసారీ నాకు ఆయాసం మొదలయ్యే క్షణానికి సరిగ్గా ముందు ఆగుతున్నాడు. వెనక నుంచి నా ఊపిరి వింటూ ఎక్కుతున్నాడని ఐదో అంతస్తు దగ్గర అర్థమైంది. వాడు ఆగినప్పుడల్లా నేనూ ఆగాను.